ఒక కాలు కిందకి పెట్టుకుని

ఆ వానాకాలమంతా మా ఆయన మరో ఆడదాని నడుము కొలుస్తూ గడిపాడు. దానికి జీతం కూడా పుచ్చుకున్నాడు. నేను రోజూ క్యారేజీ సర్ది పంపాను.

ఆయనది మ్యూజియంలో పీటలు చేసే ఉద్యోగం. పీటలంటే మనం కూర్చునేవి కావు, రాతి విగ్రహాలు కూర్చునేవి. విరిగిన విగ్రహం తనంతట తాను నిలవదు. వెనక నుంచి ఏదో ఒకటి పట్టుకోవాలి, పట్టుకున్నట్టు కనపడకూడదు. మా ఆయన ఇత్తడి కడ్డీని రాతి ఒంపుకి తగ్గట్టు వంచి, రాయి తగిలే చోట మెత్తటి గుడ్డ అతికించి, పైన రాతి రంగే పూస్తాడు. చూడవచ్చినవాళ్ళకి విగ్రహం ఒక్కటే కనిపిస్తుంది. ఇంట్లో నేను చేసేది కూడా అచ్చం ఇదే పని కాబట్టి ఆయన ఉద్యోగం గురించి నాకెవరూ వివరించి చెప్పనక్కర లేకపోయింది.

తొలి వానలు పడ్డ వారంలోనే ఆవిడ దిగింది. వేరే మ్యూజియం వాళ్ళు ఒక్క సీజనుకి అరువిచ్చిన బౌద్ధ శిల్పాల్లో ఆవిడే ముఖ్యం. పేరు తార. మా ఆయన ఆ సాయంత్రం గొడుగు కూడా మడవకుండా వంటింట్లోకి వచ్చి, ఫోన్ తీసి మా అత్తగారి ముందు పెట్టాడు.

"ఎవర్రా ఈ పిల్ల?" అంది అత్తగారు, కళ్ళజోడు సవరించుకుంటూ.

"దేవతమ్మా. బౌద్ధుల దేవత. ఎన్ని వందల ఏళ్ళదో తెలుసా?"

"వయసుకి బాగానే ఉంది. ఎడం చెయ్యేదీ?"

"మోచేతి దాకా విరిగిపోయింది."

"ముక్కు కూడా కొస పోయినట్టుంది." అత్తగారు ఫోన్ నా వైపు తిప్పింది. "వీడికి చిన్నప్పటినుంచీ అంతే అమ్మాయ్. విరిగిన బొమ్మలంటేనే ఇష్టం. కొత్తవి కొనిస్తే ముట్టుకునేవాడు కాదు."

"అందుకే కాబోలు అత్తయ్యా, నన్ను ముట్టుకోవాలంటే నేను కూడా ఎక్కడో విరగాలి," అన్నాను. ఆయనకి వినపడలేదు. ఆయన రెండు వేళ్ళతో ఆవిడ ముఖం పెద్దది చేసి చూసుకుంటున్నాడు.

మాది బౌద్ధంతో చుట్టరికం లేని ఇల్లు. నేను కాలేజీలో చరిత్ర చదివాను గనక బుద్ధుడు ఎక్కడ పుట్టాడో, ఎక్కడ జ్ఞానం పొందాడో, ఎక్కడ పోయాడో తెలుసు. పరీక్షలో ఎవరూ అంతకు మించి అడగలేదు. తార సంగతి సిలబస్‌లో లేదు. ఉండి ఉంటే ముందే జాగ్రత్తపడేదాన్ని.

అక్కడినుంచి మా ఇంట్లో భోజనాల దగ్గర మాటలన్నీ ఆవిడవే. ఆవిడ కుడి అరచెయ్యి మోకాలి మీద ఎలా వాలి ఉందో, ఆ వేళ్ళ మధ్య సందుల్లోంచి వెలుతురు ఎలా వస్తుందో, వీపు వెనక ఎవరికీ కనపడని చోట కూడా జడ కుచ్చులు ఎంత శ్రద్ధగా చెక్కారో. నేను వడ్డిస్తూ వినేదాన్ని. నా వీపు మీద ఏముందో ఈ మనిషికి తెలుసా అని ఆలోచించేదాన్ని. ఆ నెలలోనే నాకు చెప్పులు కొనుక్కొచ్చాడు, ఒక సైజు తక్కువ. "నీ పాదం ఇంతే కదా?" అన్నాడు ఆశ్చర్యంగా, తప్పు నా పాదానిదైనట్టు. వెంట్రుకవాసి తేడా వస్తే నిద్రపోని మనిషి.

ఉడుకుమోతుతనం చిన్నపిల్లలకే ఉంటుందనుకుంటాం. అది పెద్దయ్యాక కూడా పోదు, చదువుకున్న మాటలు నేర్చుకుంటుంది, అంతే. నేను ఆయన్ని, "ఆ శిల్పం నిష్పత్తులు అంత ప్రత్యేకమా?" అని అడిగేదాన్ని. లోపల మాత్రం, "నాకన్నా ఏం ఎక్కువ దానిలో?" అని.

ఒక ఆదివారం ఆయన పనిముట్టొకటి వంటింటి గట్టు మీద మర్చిపోయాడు. దువ్వెనలా ఉంటుంది. పళ్ళ బదులు సన్నటి ఉక్కు పుల్లలు వరసగా ఉంటాయి. దాన్ని రాతికి ఆనించి నొక్కితే, ఒంపు ఎలా ఉంటే పుల్లలు అలా వెనక్కి జరుగుతాయి. తీసి చూస్తే ఆ రాతి అంచు అచ్చు గుద్దినట్టు అందులో ఉంటుంది. దాన్ని చూసుకుంటూ ఆయన కడ్డీ వంచుతాడు.

అత్తగారు పక్కింటికి వెళ్ళింది. ఆయన స్నానానికి వెళ్ళాడు. నేను తడి చేతులు తుడుచుకుని, దువ్వెన తీసి, పుల్లలన్నీ సరిచేసి, నా ముఖానికి పక్కనుంచి ఆనించుకున్నాను. చల్లగా తగిలింది. నుదురు, ముక్కు, పెదవులు, చుబుకం. మెల్లగా తీసి, దాన్ని ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టి, కూరగాయలు తరగడం మొదలుపెట్టాను.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి దువ్వెన తీసుకున్నాడు. చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి వెలుతురులో చూశాడు. నేను కత్తి ఆపేశాను.

"దీన్నెవరు కదిపారు?"

"ఏం?"

"ఇది ఆవిడ చుబుకం కాదే. ఏదో వేరే..." ఇటు తిప్పి అటు తిప్పాడు. "దేనికి ఆనించావు దీన్ని?"

"కుండకి," అన్నాను.

"పనిముట్లతో ఆటలేమిటి?" అని పుల్లలన్నీ అరచేత్తో ఒక్క దెబ్బకి సమం చేసేశాడు. నా ముఖం అలా పోయింది.

ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువైందని ఇద్దరూ అన్నారు. పొరపాటున పడిందన్నాను.

*

మ్యూజియంలో ఆ శిల్పాల హాలు తెరిచారు. జనం వచ్చారు. ఆవిడ ముందు మాత్రం ఎవరూ ఆగలేదు.

ఈ మాట మా ఆయన అన్నం కెలుకుతూ చెప్పాడు. "వస్తారు, చూస్తారు, చెయ్యి విరిగిందంటారు, వెళ్ళిపోతారు. పక్కనున్న చిన్న గంట దగ్గర ఫొటోలు దిగుతున్నారు. గంట దగ్గర!"

నిజం చెప్పొద్దూ, నాకు కడుపు నిండింది. "పాపం," అన్నాను, ఇంకో గరిటెడు వడ్డిస్తూ.

"దీపాలు మార్చాను. గోడ రంగు మార్పించాను. పీట ఎత్తులో తప్పేమీ లేదు, నిలబడ్డ మనిషి కంటికి సరిగ్గా ఆవిడ కన్ను వచ్చేట్టు పెట్టాను. ఏ బొమ్మకైనా అదే కదా లెక్క. అయినా ఆవిడ ఎవర్నీ చూస్తున్నట్టు లేదు."

"రాయి కదండీ, ఏం చూస్తుంది?"

ఆయన నా వంక చూశాడు. ఆ సీజన్‌లో అదే మొదటిసారి అనుకుంటాను. అప్పుడే అసలు సంగతి చెప్పాడు. సీజన్ చివర్లో ఆ అరువిచ్చిన మ్యూజియం నుంచి పెద్దాయన వస్తాడు. తమ బొమ్మలు ఇక్కడ ఎలా పెట్టారో చూస్తాడు. నచ్చితే, వాళ్ళ దగ్గర పాత పీటలన్నీ మార్చే పని ఉంది, ఒక ఏడాది. మనిషి కోసం వెతుకుతున్నారు. మా మ్యూజియంలో అందరూ పెద్ద మేడమ్ అని పిలిచే అధికారిణి మా ఆయన పేరు చెప్పింది.

"ఏడాదా?" అంది అత్తగారు. "ఎంత దూరం?"

"రైల్లో రెండు పగళ్ళూ ఒక రాత్రీ. ఇల్లు మార్చడం కుదరదమ్మా, నేనొక్కణ్ణే వెళ్ళాలి. కానీ నచ్చితే కదా! ఇలాగే ఉంటే నచ్చదు."

"ఆ పిల్ల కూడా అక్కడికే వెళ్తుందా?" అడిగింది అత్తగారు. ఆవిడకి అన్నీ ఇలాంటి చోటే అర్థమవుతాయి.

"దాని ఇల్లే అది కదమ్మా."

అత్తగారు నా వైపు చూడకుండా మంచినీళ్ళు తాగింది. నేను కూడా ఎవరి వైపూ చూడలేదు. "వెళ్ళండి, ఎవరొద్దన్నారు," అన్నాను. ఆ మాట మా ఇంట్లో ఏ అర్థంలో వాడతారో అందరికీ తెలుసు.

అంటే సంగతి ఇదీ: ఆవిడ అక్కడ దిమ్మలా కూర్చున్నంత కాలం నా మనిషి నా ఇంట్లో ఉంటాడు. ఆ పూట నిశ్చింతగా నిద్రపోయాను.

*

తిరుగు ప్రయాణానికి ఆవిడకి దిండ్లు కావాలి. పెట్టెలో రాయి ఎక్కడా కదలకుండా మెడ కింద ఒకటి, నడుము వెనక ఒకటి, పాదం కింద ఒకటి. ఎప్పుడూ కుట్టే దర్జీ కంటి ఆపరేషన్ చేయించుకున్నాడు. "మా కోడలు కుడుతుందిరా, దాని కుట్టు ముందు దర్జీ ఎంత!" అంది అత్తగారు. నన్ను అడగకుండా నన్ను పొగడటం ఆవిడకి వాడుక.

"కొలతలు రాసిస్తాను," అన్నాడు ఆయన.

"మీ కొలతలు చెప్పుల దగ్గర చూశాను. నేనే వచ్చి కొలుచుకుంటాను."

మ్యూజియం సోమవారాలు సెలవు. ఆ రోజు ఆయన వెనక షెడ్డులో ఏదో కోస్తుంటే, నేను గుడ్డ, దూది, టేపు సంచిలో వేసుకుని హాల్లోకి వెళ్ళాను. కాపలావిడ ఒక్కతే స్టూలు మీద కూర్చుని ఉంది.

"నువ్వేనా అక్కా, పీటల సార్ భార్యవి?" అంది. "సార్ రోజూ మాట్లాడతారు."

"నా గురించా?"

కాపలావిడ చాలా మంచి మనిషి. అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం ప్రయత్నించి మానేసింది.

సవతిని మొదటిసారి ఎదురుగా చూశాను. నాకు తొందరగా నచ్చకపోవడానికి అన్ని ఏర్పాట్లూ చేసుకునే వెళ్ళాను కాబట్టి పెద్దగా కష్టపడలేదు. నల్లటి రాయి, కూర్చున్న బొమ్మ. ముఖం సరిగ్గా నా కళ్ళ ఎత్తులో ఉంది. కళ్ళు సగం మూసి, నా భుజాల కింద ఎక్కడికో చూస్తూ. పెళ్ళిచూపుల్లో ఇష్టంలేని పిల్లలా. దీని కోసమా ఇంత, అనుకున్నాను. మెడ కొలిచాను. నడుము కొలిచాను. ఆ కొలత ఇక్కడ రాయను.

కుట్టు మొదలుపెట్టాలంటే ఎక్కడో కూర్చోవాలి. హాల్లో స్టూలు ఒక్కటే, అది కాపలావిడది. నేను గోడకి ఆనుకోకుండా, ఆవిడకి ఎదురుగా కాస్త దూరంలో, నేల మీద చతికిలబడ్డాను. సూదిలోకి దారం ఎక్కించి, ముడి వేసి, పళ్ళతో దారం తెంపుతూ తల ఎత్తాను.

ఆవిడ నన్ను చూస్తోంది.

దారం నోట్లోనే ఉండిపోయింది. కొంచెం పక్కకి జరిగాను. చూపు తప్పిపోయింది. మళ్ళీ జరిగాను, కలిసింది. పైనుంచి నిలబడి చూస్తే మూసుకున్నట్టున్న ఆ రెప్పల కింద, కింద కూర్చున్నదానికి మాత్రం కళ్ళు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. ఇందాక బిగుసుకున్నట్టున్న పెదవుల కొసలు ఇక్కణ్ణుంచి పైకి తిరిగాయి. మోకాలి మీద వాలిన అరచెయ్యి, నిలబడితే పక్కకి పడేసినట్టుంది. ఇక్కడ కూర్చుంటే నేరుగా నా వైపు చాపి ఉంది. ఏం కావాలి, అన్నట్టు.

నన్ను ఆ మాట అడిగి ఎన్నాళ్ళైందో.

ఇంకోటి కూడా కనిపించింది. ఆవిడ ఒక కాలు మడుచుకుని, ఒక కాలు కిందకి పెట్టుకుని కూర్చుంది. కిందకి పెట్టిన పాదం వేళ్ళు కొద్దిగా నొక్కుకుని ఉన్నాయి, బరువు దాని మీదకి వస్తున్నట్టు. వంటింట్లో నా ముక్కాలిపీట మీద నేను కూర్చునే తీరది. అది కూర్చోవడం కాదు. ఎవరో పిలుస్తారు, లేవాలి, అందాకా కాసేపు. ఇన్ని వందల ఏళ్ళ కిందట ఎవడో ఒక మనిషి ఏ వంటింటి గుమ్మంలోనో నిలబడి దీన్ని చూసి ఉంటాడు. చూడటమే కాదు, గుర్తుపెట్టుకుని రాయిలో చెక్కాడు. మా ఇంట్లో మూడు పూటలా అదే కూర్చోవడం నడుస్తోంది. దానికి ఎవరూ దీపాలు పెట్టలేదు.

ఆ పూట కుట్టింది రెండు జానలు కూడా లేదు.

"అయిపోయాయా దిండ్లు?" అన్నాడు ఆయన ఇంటికి వెళ్తూ.

"మెడది సరిగ్గా రాలేదు. మళ్ళీ సోమవారం రావాలి."

మళ్ళీ సోమవారం వెళ్ళాను. ఆ పై సోమవారం కూడా. ఇంటి దగ్గర కుట్టిందంతా హాల్లో విప్పేదాన్ని, హాల్లో కుట్టిందంతా ఇంటి దగ్గర విప్పేదాన్ని. పాదం దిండు మూడుసార్లు పుట్టింది. కాపలావిడ చూస్తూ ఊరుకునేది. ఒకసారి మాత్రం, "అక్కా, దర్జీలు బాగుపడేది ఇలాగేనా?" అంది.

పెద్ద మేడమ్ ఒకసారి అటుగా వచ్చి, నేను నేల మీద కూర్చోవడం చూసి కంగారుపడింది. "కుర్చీ తెప్పిస్తానమ్మా."

"వద్దు మేడమ్, నాకిదే అలవాటు," అన్నాను గబగబా. ఎక్కడ కుర్చీ తెస్తారో అని భయం. మాట మార్చడానికి, ఎవరీవిడ, అని అడిగాను.

మేడమ్ మోకాళ్ళ నొప్పులతో నిలబడే చెప్పింది. తార ఒకప్పుడు రాకుమార్తె అట. గొప్పగా ధ్యానం చేసేదట. గురువులు మెచ్చుకుని, ఇంత సాధించావు, వచ్చే జన్మలో మగవాడిగా పుట్టమని కోరుకో, ఇంకా పైకి వెళ్తావు అన్నారట. ఆవిడ నవ్వి, ఆడదానిగానే పుడతాను, ఎన్ని జన్మలైనా ఆడదానిగానే వచ్చి అందరికీ సాయం చేస్తాను అందట. "ఎవరు పిలిచినా వెంటనే లేచి వెళ్ళాలని ఆ కాలు అలా," అంది మేడమ్.

"నేను కనిపెట్టాను," అన్నాను. నోరు జారింది.

"ఎలా?"

"ఊరికే మేడమ్. చరిత్ర చదివాను."

సవతి మీద కుళ్ళు పోయిందని మీరు అనుకోవచ్చు. పోలేదు, వేరే వైపు తిరిగింది. ఇప్పుడు భోజనాల దగ్గర ఆయన ఆవిడ జడ కుచ్చుల గురించి చెప్తుంటే నాకు వేరే మంట. వీపు చూసిన మనిషి మాట్లాడుతున్నాడు! ఆవిడ మిమ్మల్ని ఎప్పుడైనా చూసిందా, అని నాలిక చివరిదాకా వచ్చేది. ఆవిడ చూసేది ఒక్క నన్నే. ఆ సంగతి నేనెవరికీ చెప్పదలుచుకోలేదు. చెప్తే పీట మారుతుంది, పెద్దాయనకి నచ్చుతుంది, ఈయన రైలెక్కుతాడు. చెప్పకపోతే మనిషికి మనిషీ, సోమవారాలకి సోమవారాలూ నావే. ఇంత లాభసాటి మౌనం నా జీవితంలో ఎప్పుడూ దొరకలేదు.

*

పెద్దాయన వచ్చే ముందరి సోమవారం. వాన కిటికీ అద్దాల్ని కొడుతోంది. నేను నడుము దిండు ఒళ్ళో పెట్టుకుని నా చోట్లో ఉన్నాను. పెద్ద మేడమ్, మా ఆయన హాల్లోకి వచ్చారు. వాళ్ళు మాట్లాడుకుంటూ వచ్చి ఆవిడ ముందు నిలబడ్డారు. అంటే నా తలకి పైన.

"ఒప్పుకోవాలండీ," అంటోంది మేడమ్. "చెక్కడం మంచిదే, కానీ ముఖంలో జీవం లేదు. గంటని మధ్యలోకి తెద్దాం. ఈవిణ్ణి ఆ మూలకి జరిపేయండి. పెద్దాయన వచ్చినప్పుడు హాలంతా వెలితిగా కనపడకుండా ఉంటుంది."

మా ఆయన వైపు చూశాను. నెల రోజులుగా గెడ్డం కూడా సరిగ్గా చేసుకోని మనిషి. ఆయన చెయ్యి మాత్రం పీట అంచుని తడుముతోంది.

"మీరు చెయ్యగలిగిందంతా చేశారు," అంది మేడమ్. "కొన్ని బొమ్మలంతే. మొద్దు ముఖాలు."

మొద్దు ముఖమా!

నా సవతిని నేను అనుకుంటాను. రోజుకి పదిసార్లు అనుకుంటాను, అది మా ఇద్దరి మధ్య సంగతి. దారిన పోయేవాళ్ళు అంటే ఊరుకుంటానా? సూది వేలికి గుచ్చుకుంది. పైకి చూశాను. ఆవిడ మామూలుగానే నన్ను చూస్తోంది. ఏం కావాలి, అని.

"ఏమండీ," అన్నాను.

"ఊఁ?"

"కూర్చోండి."

"ఏమిటి?"

"ఇక్కడ. నా పక్కన. ఒక్కసారి కూర్చోండి."

"ఇప్పుడా? బట్టలు..."

"ఉతికేది నేనేగా."

ఆయన మేడమ్ వైపు ఇబ్బందిగా చూసి, మోకాళ్ళు పట్టుకుని, నా పక్కన నేల మీద కూర్చున్నాడు. నేను కొంచెం జరిగి నా చోటు ఆయనకిచ్చాను. అంత బాధపడి నేనెవరికీ ఏమీ ఇవ్వలేదు.

ఆయన తల ఎత్తాడు.

ఆయన ఊపిరి లోపలికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. చాలాసేపు నేనాయన్ని చూడలేదు, ఆవిణ్ణే చూశాను, పక్కనుంచి దొరికినంత. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి తిరిగాను. ఆయన ఆవిణ్ణి చూడటం లేదు. దీపం వెలుగు పక్కనుంచి నా ముఖం మీద పడుతోంది, దాన్ని చూస్తున్నాడు. కనుబొమలు ఆ రోజు కిటికీ దగ్గర ముడిపడ్డట్టే ముడిపడి ఉన్నాయి. నుదుటినుంచి చుబుకం దాకా, మెల్లగా.

"ఆ రోజు దువ్వెనలో ఉన్నది కుండ కాదు కదూ?" అన్నాడు, మేడమ్‌కి వినపడకుండా.

"కుండే," అన్నాను.

"ఏమైందండీ?" అంటోంది మేడమ్ పైనుంచి. "నాకూ చెప్పండి. నా మోకాళ్ళు వంగవు."

కాపలావిడ తన స్టూలు తెచ్చి వేసింది. మేడమ్ కూర్చుని, చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "వీళ్ళని గుళ్ళో ఎత్తున పెట్టేవాళ్ళు," అంది కాసేపటికి. "జనం కింద కూర్చునేవాళ్ళు. ఎన్నిసార్లు చదివానో! కూర్చుని చూద్దామని తోచలేదు."

*

ఆయన ఆ వారం షెడ్డులోంచి బయటికి రాలేదు. పీట మూరెడు ఎత్తు పెంచాడు. ముందు ఒక పొట్టి బల్ల వేశాడు, మోకాళ్ళ ఎత్తు కూడా లేనిది. దానికి మెత్త నేనే కుట్టాను, ఈసారి విప్పకుండా.

జనం కూర్చోవడం మొదలుపెట్టారు. ఒకళ్ళు కూర్చుంటే ఆగిపోయేవాళ్ళు. ఆగిపోయినవాళ్ళని చూసి ఇంకొకళ్ళు ఆగేవాళ్ళు. గంట దగ్గర ఫొటోలు తగ్గాయి. ఒక ముసలాయన బల్ల మీద టోపీ పక్కన పెట్టుకుని కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడట, మా ఆయన మెరిసే ముఖంతో వచ్చి చెప్పాడు. నా ఒళ్ళు మండిపోయింది. నా చోటది! ఆవిడ వచ్చేపోయేవాళ్ళందర్నీ అలా చూస్తోందన్నమాట. ఏం కావాలి, అని ప్రతివాడినీ అడుగుతోందన్నమాట. ఇన్నాళ్ళూ నాకొక్కదానికే అనుకున్నాను. సవతిని భరించవచ్చు, ఒక ఊరంతా సవతులైతే ఎలా?

అత్తగారిని తీసుకెళ్తే, బల్ల మీద కూర్చుని ఎంతకీ లేవదు. వెనక జనం నిలబడ్డారు.

"అత్తయ్యా, లేవండి. పాపం వాళ్ళు ఎదురుచూస్తున్నారు."

"చూడనీ. నన్ను చూసి నవ్వుతోందే అమ్మాయ్."

"అందర్నీ చూసి నవ్వుతుంది."

"నీకెలా తెలుసు?" అంది అత్తగారు, చేతికందే దూరంలో నాకు దొరికిన ఇంకో పోటీదారులా. తర్వాత నా ముఖంలోకి చూసి ఏమనుకుందో, కొంచెం జరిగి, బల్ల మీద నాకు చోటిచ్చింది. ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. "వాడు వెళ్తాడు," అంది, ఎదురుగా చూస్తూనే.

"తెలుసు."

"నువ్వే పంపించావు."

"నేనా? నేను కూర్చోమన్నాను, అంతే."

పెద్దాయన వచ్చాడు. అందరికన్నా ఎక్కువసేపు కూర్చున్నాడట. లేచి మొదట అడిగిన మాట, ఈ బల్ల ఎవరి ఆలోచన అని. మా ఆయన నా మాట చెప్పాడు. దానికాయన, మీ ఆవిడ మా దగ్గర ఉద్యోగం చేస్తుందా అని అడగలేదు; మీరెప్పుడు బయల్దేరతారు అని అడిగాడు.

మా ఆయన ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "వద్దంటే మానేస్తాను," అన్నాడు. ఆ మాటలో మోసం లేదు. అదే ఇబ్బంది.

"వెళ్ళండి," అన్నాను.

"ఏ అర్థంలో?"

"మామూలు అర్థంలోనే. అక్కడ కూడా ఆవిణ్ణి కిందే పెట్టి ఉంటారు. ఎవరో ఒకరు చెప్పాలి కదా."

వానలు వెళ్ళిపోయిన వారంలో పెట్టెలు కట్టారు. నేను కుట్టిన దిండ్ల మీద ఆవిణ్ణి పడుకోబెట్టారు. మెడ కింద దిండు అంగుళం కూడా తేడా రాలేదు. మూత వేసే ముందు నేను వంగి చూశాను. పడుకుంటే ఆవిడ ఎవర్నీ చూడటం లేదు, పైకప్పునే. నాకు కొంచెం మనశ్శాంతి కలిగింది.

స్టేషన్లో ఆయన సంచి తెరిచి నాకొక పొట్లం ఇచ్చాడు. చెప్పులు. అక్కడే వేసుకుని చూశాను. సరిపోయాయి. "ఎలా కొలిచారు?" అన్నాను. "ఊరికే చూశాను," అన్నాడు. రైలు కదిలింది.

ఆయన వెళ్ళాక వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుంటే నాకొక సంగతి తెలిసింది. నేనేడవాల్సింది మా ఆయన్ని ఆవిడ తీసుకుపోయిందని. ఏడుపొచ్చింది మాత్రం వేరే దానికి. ఇక ఆయన రోజూ పొద్దున్నే తాళాలు తీసి అక్కడి హాల్లోకి వెళ్తాడు. జనం రాకముందు. ఒక్కడే. ఆవిడ ముందు చోటంతా ఆయనదే.

మొదటి ఆదివారం ఫోన్ చేశాడు. రైలు సంగతి, గది సంగతి చెప్పాడు, భోజనం బాగోలేదన్నాడు. "నువ్వెలా ఉన్నావు?" అన్నాడు. అంత ముందుగా ఆ మాట అడగడం మా కాపురంలో కొత్త.

"నాకేం, బాగానే ఉన్నాను. ఆవిడెలా ఉంది?"

"ఎవరు?"

"ఎవరంటారేమిటి? పీట ఎత్తు పెంచారా? బల్ల వేశారా? కిటికీ ఏ వైపుంది? పొద్దున వెలుగు ముఖం మీద పడుతుందా, వీపు మీదా?"

అవతల ఆయన గొంతు సవరించుకుని, చాలా మామూలుగా అన్నాడు:

"ఆవిడకేం, బానే ఉంది. నన్నడగవా, నేనెలా ఉన్నానో?"

ఆ గొంతు నాకు బాగా తెలుసు. వానాకాలమంతా ఇంట్లో నేను మోసిన గొంతే అది. నేను ఫోన్ ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకుని, ముక్కాలిపీట మీద కిందకి పెట్టుకున్న కాలు కూడా పైకి లాక్కుని, తీరిగ్గా మఠం వేసుకుని కూర్చున్నాను.

"అడుగుతాను," అన్నాను. "ముందు ఆవిడ సంగతి చెప్పండి."